ముందు ఫెయిర్, తర్వాత రఫ్

ఆ కాగితం మీద కాఫీ మరక ఉంది. గుండ్రంగా కూడా లేదు, కప్పు జరిపినప్పుడు ఒక పక్కకి సాగినట్టుంది. మరక కింద మొదటి వాక్యానికి క్రియ లేదు. రెండో వాక్యం సగంలో ఆగిపోయి, పక్కన 'ఇక్కడ ఏదో ఒకటి చెప్పాలి' అని రాసి ఉంది. మూడోది మళ్ళీ మొదటి వాక్యమే, ఇంకో రకంగా. నాలుగోది కొట్టేసి ఉంది, అదీ కొట్టేసింది ఏమిటో చదవగలిగేట్టు.

మా రైటింగ్ టీచర్ స్వయంగా రాసుకున్న కాగితం అది. ఏదో పత్రికకి పంపబోయే వ్యాసానికి ఆవిడ మొదటి డ్రాఫ్టు. దాన్ని జిరాక్స్ తీయించి క్లాసులో మా అందరికీ పంచారు.

"నాది ఇలా మొదలవుతుంది. మీది కూడా ఇంత ఘోరంగా ఉంటే సంతోషిస్తాను" అన్నారు.

క్లాసులో చాలామంది నవ్వారు. నాకు ఆ కాగితాన్ని చేత్తో పట్టుకోవాలనిపించలేదు. పెన్ను మొనతో డెస్కు అంచుకి జరిపాను.

ఇది నార్త్ కరోలినాలో, 2008 ప్రాంతంలో. క్యారీ అనే ఊరికి అరగంట దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్ ఎమ్మెస్ చేస్తున్నాను, రెండో సెమిస్టర్. నా పని కాంక్రీటు మీద. సిమెంటు కొంత తగ్గించి, ఆ మేరకు థర్మల్ ప్లాంటు బూడిద కలిపితే కాంక్రీటు బలం ఏమవుతుందో చూడడం. బూడిద పాళ్ళు పెంచుకుంటూ మూడు మిక్సులు కలిపి, విరగ్గొట్టి చూడడానికి సిలిండర్లుగా పోశాను. థీసిస్ రాయాలనుకునే విదేశీ విద్యార్థులు టెక్నికల్ రైటింగ్ కోర్సు చేయాలి, అందులో బి కన్నా తక్కువ రాకూడదు అని మా డిపార్ట్‌మెంటు నియమం. థీసిస్ రాయని వాళ్ళకి మా ప్రొఫెసర్ ల్యాబ్‌లో చోటు లేదు. అంటే బి రాకపోతే థీసిస్ లేదు, థీసిస్ లేకపోతే ల్యాబ్ లేదు, ల్యాబ్ లేకపోతే నేను ఏ పని మీద ఆ దేశం వచ్చానో ఆ పనే లేదు. ఈ వరస నాకు మొదటి రోజే అర్థమైంది. ఆ బి కోసం చెత్త రాయమంటారని మాత్రం ఊహించలేదు.

ఊరికే రాయమనడం కాదు, దానికి మార్కులు. మా ప్రాజెక్టు మీద ఒక రిపోర్టు, మూడు డ్రాఫ్టులు. చివరి కాపీకి వచ్చేది మూడో వంతు మార్కులే. మిగతావన్నీ మొదటి డ్రాఫ్టుకీ, రెండోదానికీ, ఒకదాన్నుంచి ఇంకోటి ఎలా మారిందో చెప్పే పేజీకీ. వంట పోటీలో పెంటకుప్పకి మార్కులు వేసినట్టు అనిపించింది నాకు.

నేను చదువుకున్న చోట రఫ్ అనేది ఎవరికీ చూపించేది కాదు. ఇంటర్లోనూ, బీటెక్‌లోనూ ప్రతి ల్యాబ్‌కీ రెండు పుస్తకాలు ఉండేవి. అబ్జర్వేషన్, రికార్డు. అబ్జర్వేషన్‌లో రీడింగులు రాసుకోవాలి, వాటి నుంచి ఫలితం లెక్కగట్టి రికార్డులో ఎక్కించాలి. రికార్డులో ఎడమ పేజీ బొమ్మకి, కుడి పేజీ మేటరుకి. హెడ్డింగులు నల్ల ఇంకు, మేటరు నీలం. ఒక్క కొట్టివేత పడితే ఆ పేజీ తిరగరాయాల్సిందే. నా రికార్డులు జూనియర్లు అడిగి తీసుకెళ్ళేవాళ్ళు. తిరిగిచ్చేటప్పుడు అట్ట మీద నూనె వేళ్ళ ముద్రలు ఉంటే నాకు రెండు రోజులు అన్నం సహించేది కాదు.

పద్ధతి అది. జరిగేది వేరు. పెండ్యులం ప్రయోగంలో g విలువ 981 దగ్గర రావాలని అందరికీ తెలుసు. కాబట్టి ముందు ఆ ఫలితాన్ని రికార్డులో వేసేసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి వెళ్ళి, ఏ రీడింగులు ఉంటే అది వస్తుందో వాటిని అబ్జర్వేషన్‌లో నింపేవాళ్ళు. మరీ సరిగ్గా ఉంటే అనుమానం వస్తుందని ఒకటి రెండు అంకెలు కాస్త అటూ ఇటూ చేసేవాళ్ళు. దీన్ని బ్యాక్ కాలిక్యులేషన్ అనేవాళ్ళం. వైవాకి వచ్చే ఎగ్జామినర్లు కూడా తమ రోజుల్లో అదే చేసి ఉంటారు, ఎవరూ ఏమీ అనేవారు కాదు. నేను మాత్రం రీడింగులు నిజంగానే తీసేవాణ్ణి. నీతి కోసం కాదు. దొంగ అంకెలు రాస్తే చేతులు కడుక్కోవాలనిపించేది.

కానీ రఫ్ విషయంలో నేనూ మా వాళ్ళ లాంటి వాణ్ణే. అది నా దృష్టిలో ఎంగిలి. కంచంలో అన్నం పప్పుతో కలిపాక ఎలా ఉంటుందో తినేవాడికి తెలుసు. తన కంచంలో ఉన్నంతసేపు ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ ముద్ద తీసి పక్కవాడి కంచంలో వేసి, ఎలా ఉందో చెప్పమని అడగం కదా.

సరిగ్గా అదే అడిగారు ఆవిడ. రెండో వారంలో పక్కపక్కన కూర్చున్న వాళ్ళని డ్రాఫ్టులు మార్చుకోమన్నారు. నా పక్కనున్నతను వేరే దేశం నుంచి వచ్చినవాడు, వంతెనల పెయింటు మీద పని చేస్తున్నాడు. అతని కాగితం మడతల దగ్గర మెత్తబడి ఉంది. వాక్యాల మధ్యలో మాట తోచని చోటల్లా తన భాషలో రాసుకున్నాడు. ఒక పేరా మొత్తం బాణం గుర్తులతో ఇంకో పేరాలోకి పోతోంది. ఆ బాణాల్లో ఒకటి తిరిగి మొదలైన చోటికే వచ్చింది. చదువుతుంటే ఎవరో నమిలింది నా నోట్లో పెట్టినట్టుంది. ఎర్ర పెన్ను తీసి కనిపించిన ప్రతి తప్పూ దిద్దాను. అతను నా కాగితం మీద ఏమీ రాయలేదు. చాలా బాగుంది అని మాత్రం అన్నాడు, కొంచెం భయంగా.

ఆవిడ వచ్చి నేను దిద్దింది చూశారు. "మీరు శుభ్రం చేశారు. నేను చదవమన్నాను" అన్నారు.

రెండిటికీ తేడా ఏమిటో నాకు తెలియలేదు. అడగలేదు కూడా.

ఆ తర్వాత ఒక్కొక్కళ్ళనీ తన గదికి పిలిచి మాట్లాడే వారం వచ్చింది. ఆవిడ బల్ల మీద క్యారెట్ ముక్కల డబ్బా ఉంది. ఒక్కొక్క ముక్కా తీసుకుంటూ, అదే చేత్తో పేజీలు తిప్పుతూ నా నాలుగు పేజీలూ చదివారు. నా రిపోర్టు మూలల్లో నారింజ తడి అంటుకుంది.

"ఇది మూడోది. మొదటిది ఎక్కడ?"

"ఇదే మొదటిది, మేడమ్."

"దీనికి ముందు?"

"దీనికి ముందు నా తలలో ఉంది."

"తలలో ఎలా ఉంది?"

"ఇలాగే ఉంది."

ఆవిడ కాసేపు నమిలారు. "ఇది రాస్తున్నప్పుడు మీకు కొత్తగా తెలిసిన విషయం ఒక్కటి చెప్పండి."

"రాసేటప్పుడు తెలియడం ఏముంటుంది మేడమ్? తెలిశాకే కదా రాసేది."

కోప్పడతారనుకున్నాను. పడలేదు. నా పేరు ఎదురుగా మొదటి డ్రాఫ్టు గడిలో సున్నా వేసి, దాన్ని పెన్సిల్‌తోనే వేశానని చూపించారు. "వచ్చే సోమవారం లోపల మొదటి డ్రాఫ్టు తెచ్చిస్తే చెరిపేస్తాను" అన్నారు. ఆ సున్నా అలాగే ఉంటే, మిగతా అన్నిటికీ పూర్తి మార్కులు వచ్చినా నాకు బి రాదు. ఆ లెక్క ఆవిడ గది గుమ్మం దాటేలోపే వేసుకున్నాను.

మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురం ఉండేవాళ్ళం. నాతోపాటు అదే క్లాసులో ఉన్న వరంగల్ కుర్రాడు ఒకడు. ఇంకొకరు గుంటూరు వైపు అన్న, మా కన్నా రెండేళ్ళు సీనియర్. చదువైపోయి మోరిస్‌విల్‌లో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తున్నా ఇల్లు మారలేదు. ఆ రైటింగ్ కోర్సులో ఆయనకి 'ఏ' గ్రేడు వచ్చిందని మా కాంప్లెక్సులో మనవాళ్ళందరికీ తెలుసు. ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర అన్న అడిగారు.

"ఎంత వేసిందిరా ఆవిడ?"

"సున్నా అన్నా."

వరంగల్ వాడు పచ్చడి జాడీ మూత పెట్టబోయి ఆగాడు. "నీకా? మామా, మొత్తం క్లాసుల ఇంగ్లీషు సక్కగ రాసేటోడివి నువ్వొక్కడివే. నీకు సున్నా వేసి నాకు ఫుల్ వేసిందా?"

"నువ్వేం ఇచ్చావురా?"

"నాకు అన్న చేసిచ్చిండు."

"దీనికింత మొహం పెట్టుకున్నావా?" అన్నారు అన్న. "ఒరేయ్, ఆవిడకి కావాల్సింది మూడు కాపీలు. నీ దగ్గర మూడోది ఉంది. ఉన్నదాన్ని బట్టి లేనిది తీయడం మనకేమన్నా కొత్తా? ఫైల్ ఓపెన్ చెయ్."

పెరుగన్నం తిన్న చెయ్యి షార్ట్స్‌కి తుడుచుకుని నా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. నేను టిష్యూ తెచ్చేలోపే కీబోర్డు మీద చెయ్యి పడిపోయింది.

"ముందు ఆర్టికల్స్, ఆ 'ఎ'లూ 'ది'లూ తీసేద్దాం. అన్నీ వద్దు, అక్కడక్కడా ఉంచు. మనవాళ్ళు అలాగే రాస్తారని వాళ్ళకో నమ్మకం. డిస్కస్ అని ఉందా? డిస్కస్ అబౌట్ చెయ్. ఈ పేరా తీసి కింద పెట్టు. మరీ కింద కాదురా, పిచ్చోడనుకుంటుంది. ఇక్కడ 'ఇంకా రాయాలి' అని పెట్టు. అది చూస్తే ఆవిడకి ప్రాణం లేచొస్తుంది."

"అన్నా, కాఫీ మరక గూడ పెడదామా?" అన్నాడు వరంగల్ వాడు.

"కాఫీ పౌడర్ ఎక్కడుందిరా, అయిపోయింది. టీ పెట్టు, తాగి మిగిల్తే పోద్దాం."

ఇద్దరూ నవ్వుకుంటున్నారు. నేను వెనక నిలబడి చూస్తున్నాను. అన్న చాలా తెలివైనవారు, ఆ పని కూడా చక్కగా చేస్తున్నారు. అదే భరించడానికి వీల్లేకుండా ఉంది. మా పనిలో పగులుని చూస్తే అది ఎలా వచ్చిందో తెలుస్తుంది. బరువు ఆగలేక వచ్చిన పగులు ఒక రకంగా పోతుంది, సుత్తితో కొడితే వచ్చింది ఇంకో రకంగా ఉంటుంది. అన్న చేస్తున్నవన్నీ సుత్తి దెబ్బలు. ఆ డ్రాఫ్టు రాసిన మనిషికి అన్నీ తెలుసు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ ఫలితం చెప్పాలో, ఎక్కడ ముగించాలో తెలుసు. ఆర్టికల్ ఎక్కడ పెట్టాలో మాత్రం తెలియదు. అలాంటి మనిషి ఎక్కడా ఉండడు.

"వద్దన్నా."

"ఏం, ఎథిక్సా?"

"అది కాదు. చూడలేకపోతున్నాను."

"చూడకు. సబ్మిట్ చెయ్. బి కావాలా వద్దా నీకు?"

కావాలి. ప్రింటు తీసి, రెండు ఫైళ్ళ మధ్య పెట్టి బ్యాగులో వేసుకున్నాను, మిగతా కాగితాలకి తగలకుండా.

సోమవారం క్లాసు కంప్యూటర్ ల్యాబ్‌లో పెట్టారు. అందరం కూర్చున్నాక ఆవిడ మానిటర్లు ఆపేయమన్నారు. కంప్యూటర్ కాదు, తెర ఒక్కటే. "ఇప్పుడు మీ ప్రాజెక్టు గురించి టైప్ చేయండి. నేను చెప్పేదాకా ఆపకూడదు. ఏమీ తోచకపోతే, ఏమీ తోచడం లేదని టైప్ చేయండి. దిద్దడానికి వీల్లేదు, ఎందుకంటే మీకేమీ కనిపించదు."

వరంగల్ వాడు నా వైపు వంగాడు. "నాకు అన్న రాసింది మొత్తం బట్టీ వచ్చు మామా. చూస్కో." కళ్ళు మూసుకుని వాయించడం మొదలుపెట్టాడు. ఆ గదిలో అందరికన్నా వేగంగా వాడి కీబోర్డే మోగింది.

నాకు నల్లటి తెరలో నా మొహం కనిపిస్తోంది. రిపోర్టులో మొదటి వాక్యం టైప్ చేశాను. మధ్యలో ఒక వేలు పక్క కీ మీద పడింది. పడిందని వేలికి తెలుసు. వెనక్కి వెళ్ళి చెరపాలంటే ఎన్ని అక్షరాలు దాటానో కనిపించదు. పళ్ళ మధ్య పీచు ఇరుక్కుని, నాలిక దాని చుట్టూనే తిరుగుతూ, బయటికి రాకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. రెండో వాక్యంలో ఇంకోటి పడింది. చేతులు తీసేశాను.

"మీ వేళ్ళు ఆగాయి" అన్నారు ఆవిడ, వెనక నుంచి.

ఏమీ తోచడం లేదు అని టైప్ చేశాను. ఈ పని నాకు నచ్చలేదు అని టైప్ చేశాను. క్యారెట్ల గురించి ఒక మాట రాశాను. తర్వాత కోపంలో ఏం కొట్టానో నాకే సరిగ్గా తెలియదు. మూడో మిక్స్ గురించి అనుకుంటా. వేళ్ళు వాటంతటవి పోయాయి, ఆవిడ చాలు అనేదాకా.

తెరలు మళ్ళీ ఆన్ చేయమన్నారు. వరంగల్ వాడి తెర మీద ఒక్క మాట కూడా ఏ భాషలోనూ లేదు. మొదట్లోనే వేళ్ళు ఒక కీ పక్కకి పెట్టి, పేజీ అంతా అలాగే లాగించాడు. ఆవిడ చూసి, "ఈ సెమిస్టర్‌లో మీరిచ్చిన వాటిలో నాకు నమ్మకం కుదిరింది దీని మీదే" అన్నారు. వాడు ఏమాత్రం తొణకలేదు. నాతో మెల్లగా, "ఒక్కొక్క లెటర్ పక్కకి జరిపి చూడు మామా, మొత్తం వస్తది. ఒక్క మిస్టేక్ లేదు" అన్నాడు. అది నిజమే అయుంటుంది.

నాది ప్రింటు తీసుకున్నాను. అంత అసహ్యమైన కాగితం నా పేరుతో అంతకుముందు లేదు. చుక్కలు లేవు, పెద్దక్షరాలు లేవు, ఒక మాట మూడు సార్లు మొదలై మూడు సార్లూ పూర్తి కాలేదు. ఎవరైనా చూస్తారేమోనని మోచేతితో కప్పుకుని చదివాను. సగం దాటాక ఇలా ఉంది:

మూడో మిక్స్ బలం తగ్గింది బూడిద ఎక్కువవడం వల్ల అని రాశాను అందరూ అలాగే రాస్తారు ఆ వారమే కదా తేమ గది మిషను చెడిపోయింది సిలిండర్లు బయట నేల మీద పెట్టి తడి గోనెలు కప్పారు శని ఆదివారాలు ల్యాబ్ తలుపు తాళం రిపేరు వాళ్ళ దగ్గర ఉంది మరి గోనెలు తడిపింది ఎవరు ఎవరూ లేరు కదా అయితే బూడిద అని ఎలా

అక్కడ ఆవిడ చాలు అన్నట్టున్నారు.

కాంక్రీటు పోశాక కొన్ని వారాలు తడిగా ఉంచాలి. మన దగ్గర కొత్త స్లాబు మీద మట్టితో మడులు కట్టి నీళ్ళు నిలబెట్టేది అందుకే. మధ్యలో ఎండిందంటే రావలసిన బలం రాదు, బూడిద కలిపినదైతే మరీనూ. మా ల్యాబ్‌లో ఈ పనికి ఒక గది ఉండేది, రోజంతా మంచులా నీళ్ళు చల్లే మిషనుతో. అది ఆ వారం చెడిపోయిన సంగతి ల్యాబ్‌లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. నేను దాచలేదు. నా రిపోర్టులో దానికి చోటు రాలేదు, అంతే. అక్కడ ఉన్న వాక్యం వేరు: 'ఈ తగ్గుదలకు బూడిద శాతం పెరగడమే కారణమని భావించవచ్చు.' నేను చదివిన ప్రతి పేపర్లోనూ ఇలాంటి వాక్యం ఒకటి ఉంటుంది. సరైన తూకంతో, సరైన చోట, అంచులు నున్నగా ఉంటుంది. అది ఆలోచిస్తే వచ్చింది కాదు. ఫలితం ముందే ఉంది, దానికి సరిపడే కారణం వెనక నుంచి తెచ్చి నింపాను.

చేతులు కడుక్కోవాలనిపించింది. ఈసారి ఆ చెత్త పేజీ పట్టుకున్నందుకు కాదు.

ఆవిడ కాగితాలు తీసుకుంటూ నా వరసలోకి వచ్చారు. బ్యాగులో ఉన్నది తీశాను. అన్న డ్రాఫ్టులో కూడా ఆ వాక్యం ఉంది, ఆర్టికల్ ఒకటి తక్కువగా. దాన్ని తిరిగి లోపల పెట్టి, మోచేతి కింద ఉన్నది ఇచ్చాను. ఆవిడ అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టారు. నేను కిటికీ వైపు చూశాను. క్యారెట్ల మాట దగ్గరికి ఎప్పుడు వచ్చారో తెలిసింది, చిన్నగా నవ్వారు. గోనెల దగ్గర నవ్వలేదు.

"ఇది మీ ప్రొఫెసర్‌కి తెలుసా?"

"ఏది మేడమ్?"

"తాళం సంగతి."

"మిషను సంగతి తెలుసు. తాళం సంగతి ఎవరూ అనుకోలేదు."

ఆవిడ మార్కుల పుస్తకం తెరిచి పెన్సిల్ సున్నా చెరిపేశారు. ఆ చెరిపిన తుక్కు నోటితో ఊదారు, నా వైపు.

మరునాడు ప్రొఫెసర్ దగ్గరికి రెండూ తీసుకుని వెళ్ళాను. రిపోర్టూ, ఆ పేజీ జిరాక్సూ. ఆ పేజీని ఆయన ముందు పెట్టడం కన్నా ఒంటి మీద బట్టలు విప్పి నిలబడడం తేలిక అనిపించింది. ఆయన ముందు రిపోర్టు చదివారు, తర్వాత ఆ పేజీ చదివారు. మళ్ళీ రిపోర్టు తీసి ఆ వాక్యం మీద వేలు పెట్టారు.

"ఇది బాగుంది. ఇది చూసి నేను సంతకం పెట్టేసేవాణ్ణి" అన్నారు.

ఆ వేలు తీసి పేజీ మీదికి జరిపారు.

"రెండోది సగం అర్థం కాలేదు. మూడో మిక్స్ మళ్ళీ వేయండి."

కాంక్రీటు అసలు బలం ఇరవై ఎనిమిది రోజులకి చూస్తారు. రైటింగ్ కోర్సుకి ఆఖరి డ్రాఫ్టు ఇవ్వడానికి అంత గడువు లేదు. అంటే మూడో డ్రాఫ్టులో, టేబుల్లో, మూడో మిక్స్ ఎదురుగా రాయడానికి నా దగ్గర అంకె లేదు. పాతది రాస్తే అది ఎందుకు వచ్చిందో చెప్పలేను. ఆ గడి ఖాళీగా వదిలేసి, కింద 'పరీక్ష మళ్ళీ జరుగుతోంది' అని రాశాను. రాసి ఎంతసేపు చూసినా ఆ ఖాళీ అలవాటు కాలేదు. ముందు పన్ను ఊడిపోయిన నోరులా ఉంది టేబుల్.

ఇవ్వబోయే ముందు అన్న చూశారు. "ఇదేంట్రా, ఖాళీగా ఇస్తావా? ఒక నంబర్ వేసుకో. పాతదానికీ, రెండో మిక్స్‌కీ మధ్యలో వేసెయ్. ఎలాగూ వచ్చేది అదే."

"రాకపోతే?"

"వచ్చాక మారుస్తావ్. రివిజన్ అంటే అదేగా ఆవిడ చెప్పేది."

"మామా, అన్న మాట ఇను" అన్నాడు వరంగల్ వాడు. "గ్రేడ్ వచ్చినంక నీ కాంక్రీటు నువ్వు చూస్కో."

ఖాళీగానే ఇచ్చాను. నాకు బి వచ్చింది. అంతకన్నా ఒక్క మెట్టు కూడా ఎక్కువ కాదు. ఆఖరి డ్రాఫ్టు అసంపూర్ణంగా ఉందని మార్కులు తీసేశారు, ఆ గడి చుట్టూ గీత గీసి మరీ. మార్పుల పేజీకి మాత్రం పూర్తిగా వేశారు. వరంగల్ వాడికి ఏ మైనస్ వచ్చింది. వాడు ఆ సాయంత్రం మా ఇద్దరికీ బిర్యానీ తెప్పించాడు, అన్నకి ఎక్స్‌ట్రా పీసులతో. అంత రుచిగా ఉన్న బిర్యానీ అంత బలవంతంగా ఎప్పుడూ మింగలేదు.

సెమిస్టర్ అయిపోయాక కొత్త సిలిండర్లు విరగ్గొట్టాను. బలం ఎంత వచ్చిందని అన్న అడిగితే చెప్పాను. పాతదానికీ, రెండో మిక్స్‌కీ మధ్యలో వచ్చింది.

"చెప్పానా? నెల వేస్ట్ చేశావ్" అన్నారు అన్న, టీవీ చూస్తూనే.

ఆయన చెప్పిన అంకె ఇంచుమించు సరైనదే. తేడా ఏమిటంటే, ఇప్పుడు ఆ తగ్గుదలలో కొంత బూడిద వల్ల, కొంత ఎండిపోవడం వల్ల అని నాకు తెలుసు. ఏది ఎంతో కచ్చితంగా తెలియదు, దానికి ఒక్క బ్యాచ్ చాలదు. ఇది వాక్యంలో పెట్టాలంటే నున్నగా రాదు. 'కొంత' రెండు సార్లు వస్తుంది. 'అయితే' వస్తుంది. చెడిపోయిన మిషను వస్తుంది. గోనెలు వస్తాయి, ఒక థీసిస్‌లో, గోనెలు.

ఆ తర్వాత ఏది రాసినా మొదట మానిటర్ ఆపేసే రాస్తున్నాను. అలవాటైతే అసహ్యం పోతుందని ఆవిడ అన్నారు. పోలేదు. తెర వేసి, కొట్టింది చదివేటప్పుడు ఇప్పటికీ కుర్చీ వెనక్కి జరుపుకుంటాను. ముగించేదాకా తలుపు వేసుకుంటాను, ఎవరైనా వస్తే ఫైల్ మూసేస్తాను. పక్కవాళ్ళ డ్రాఫ్టు చదవమంటే చదువుతాను, చేతిలో పెన్ను లేకుండా. ఆఫీసులో కొత్తగా చేరిన మనవాళ్ళు మచ్చలేని రిపోర్టు మొదటి రోజే తెచ్చి బల్ల మీద పెడితే మాత్రం ఇప్పుడు నాకు దాన్ని ముట్టుకోబుద్ధి కాదు. లోపల ఎక్కడ నింపారో వెతకడం మొదలుపెడతాను.

ఆ సెలవుల్లో థీసిస్‌లోని ఆ వాక్యాన్ని తిరగరాశాను. పొడుగైంది. విడగొట్టి మళ్ళీ రాశాను, ఇంకాస్త పొడుగై రెండు వాక్యాలైంది. ప్రొఫెసర్ దాని పక్కన మార్జిన్‌లో ప్రశ్న గుర్తు పెట్టి, మర్నాడు ఆ గుర్తుని ఆయనే కొట్టేశారు. పేజీ అందం మొత్తం అక్కడ చెడిపోయిందని నాకు తెలుసు. మూడోసారి రాసినప్పుడు మిషను చెడిపోయిన తేదీ కూడా చేర్చి, ఇంకా వికారంగా చేసి, సంతకానికి ఇచ్చాను.